బొగ్గు బిళ్ళల అచ్చు గురించి అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బొగ్గు బట్టీ దగ్గర మిగిలే నుసిని పారబోయకుండా బిళ్ళలు కొట్టాలన్న నీ ఆలోచన బాగుంది. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు సర్కారు తుమ్మ కాల్చే చోటల్లా ఈ నుసి గుట్టలు కనిపిస్తాయి. కానీ 20 టన్నుల జాకీ కొంటానని రాశావు చూడు, ఆ ఒక్క పని చెయ్యొద్దు. గంజి కలిపిన బొగ్గుకు అంత బలం అక్కర్లేదు. బిళ్ళ అచ్చులోంచి పగలకుండా బయటికి రావడమే ఇందులో కష్టమైన పని. డబ్బూ శ్రమా అచ్చు గొట్టం లోపలి గోడ మీద పెట్టు.

లెక్క చెబుతా. 50 మి.మీ. వ్యాసం బిళ్ళకు పైముఖం దాదాపు 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు పడితే చాలు, అంటే మొత్తం 2 టన్నులు. 5 టన్నుల బాటిల్ జాకీ ధారాళంగా సరిపోతుంది. గొట్టం గోడ మందం 5 మి.మీ. ఉంటే ఆ జాకీ పూర్తి బలంతో నొక్కినా తట్టుకుంటుంది. అదే గొట్టం మీద 10 టన్నులు వేస్తే మామూలు ఇనుము సాగే హద్దుకు వచ్చేస్తుంది. ఒకసారి పొట్ట ఉబ్బిన గొట్టంలోంచి బిళ్ళ రాదు, ఆ గొట్టం ఇక తూకానికే. నాలుగు అచ్చులు ఒకేసారి నొక్కుదామనీ అనుకోకు. బలం నాలుగింతలు కావాలి. పైగా ఏ ఒక్క దాంట్లో మందు (గంజి కలిపిన నుసి) ఎక్కువ పడినా నొక్కే ప్లేటు ఒరుగుతుంది.

గొట్టం సీమ్‌లెస్ పైపే తీసుకో. మామూలు పైపుకు లోపల నిలువునా వెల్డింగ్ గీత ఉంటుంది, అది ప్రతి బిళ్ళనూ చీరేస్తుంది. లోపలి కొలత 49కి అటూ ఇటూ ఉన్న ముక్క తెచ్చి, లేత్ మీద 50కి బోరు చేయించు. పొడవు 130. టర్నరు దగ్గర ఇంకో మాట గట్టిగా చెప్పు: అడుగు వైపు చివరి 15 మి.మీ. మేర బోరు కొద్దిగా వెడల్పవుతూ రావాలి, కొసకు 50.3 కావాలి. ఇది చిన్న విషయమని చాలామంది వదిలేస్తారు. నొక్కిన బిళ్ళ లోపల బిగిసి ఉంటుంది, అచ్చు దాటగానే రవ్వంత ఉబ్బుతుంది. అంచు పదునుగా ఉంటే సగం బయట ఉబ్బి, సగం లోపల బిగిసి, ఆ గీత దగ్గరే అడ్డంగా పొరలాగా విరుగుతుంది. బిళ్ళ టోపీలాగా ఊడి వస్తోందంటే ముందు ఈ అంచునే చూడు. ఆ తర్వాత 120 నంబరు ఎమ్రీ కాగితం, దాని మీద 320, కర్రకు చుట్టి పొడవునా రుద్దు. గుండ్రంగా తిప్పి రుద్దితే అడ్డగీతలు పడతాయి, బిళ్ళ జారే దారికి అవి అడ్డం.

పంచ్‌కు, అంటే గొట్టంలోకి దిగి మందును నొక్కే కడ్డీకి, ఈఎన్8 అనే గట్టి ఉక్కు రాడ్డు మంచిది, దొరక్కపోతే మామూలు ఇనుమైనా నడుస్తుంది. వ్యాసం 49.5. అంతకన్నా బిగువైతే గాలి బయటికి పోదు, నుసి ఇరుక్కుని పట్టేస్తుంది. 49 కన్నా తగ్గితే బిళ్ళ చుట్టూ రెక్కలు లేస్తాయి, పంచ్ ఒరిగి గోడను గీరుతుంది. పంచ్ పైన గొట్టం అంచుకు ఆనే వెడల్పాటి అంచు ఉండాలి, అదే కాలరు. కాలరు కింద పొడవు 80. ఇందులో కింది 15, పై 30 మాత్రమే 49.5 ఉంచి, మధ్యలోని 35ను 48.5కు దించమను. నుసి పేరుకోవడానికి అక్కడ చోటు దొరుకుతుంది. పంచ్ ముఖం చదును కావాలంటే చీమకుర్తి పాలిష్ గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకో. దాని మీద ఎమ్రీ కాగితం పరిచి, పంచ్‌ను నిలబెట్టి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పు. మన ప్రాంతంలో అంత చదునైన రాయి ముక్కలు దొరకడం అదృష్టమే.

గొట్టం అడుగున మూతలా పెట్టే ఇనుప బిళ్ళకు (అడుగు బిళ్ళ) 10 మి.మీ. బొడిపె ఉండాలి, అది గొట్టంలోకి వదులుగా దిగాలి. వెల్డింగ్ వద్దు. లోపల 120 లోతు మిగులుతుంది. కాలరు గొట్టం అంచును తాకేసరికి పంచ్ 80 దిగుతుంది, బిళ్ళ ఎత్తు కచ్చితంగా 40 వస్తుంది. వ్యాసం కన్నా ఎత్తు పెంచాలని చూడకు. గోడ రాపిడి బలాన్ని తినేస్తుంది, పైన రాయిలాగా, కింద ఇసుకలాగా తయారవుతుంది. కాలరు తాకకుండానే జాకీ బిగిసిందంటే మందు ఎక్కువ పోశావని అర్థం. పిడి మీద బరువు వేసి లాగొద్దు, వెనక్కి తీసి తగ్గించు.

ఫ్రేముకు 100 మి.మీ. చానెల్ (మూడు పక్కల దొన్నెలాంటి ఇనుప దూలం) ముక్కలు పైన రెండు, కింద రెండు, వీపులు ఎదురెదురుగా. ఆ సందులోంచి 20 మి.మీ. థ్రెడ్ రాడ్లు రెండు, వాటి మధ్య దూరం 250కి మించకూడదు. జాకీ కింది చానెల్ మీద నిటారుగా నిలబడాలి. బాటిల్ జాకీని తలకిందులు చేస్తే నూనె పంపు అందుకోదు. జాకీ తల మీద రాడ్లలో జారే ప్లేటు, ప్లేటు మీద అచ్చు, పైన పంచ్. ప్లేటుకూ పై చానెల్‌కూ మధ్య 270 ఖాళీ చాలు, ఎక్కువ వదిలితే జాకీ స్ట్రోకు (పైకి లేచే ఎత్తు) చాలదు. పంచ్‌ను పై చానెల్‌కు అంటించేయకు. వదులుగా ఉంటేనే అది తన దారి తాను చూసుకుంటుంది.

బిళ్ళ తీయడానికి వేరే రాడ్డు కావాలి: 48 వ్యాసం, 150 పొడవు. అడుగు బిళ్ళ తీసేసి, గొట్టాన్ని 55 లోపలి కొలత, 60 ఎత్తు ఉన్న పైపు ముక్క మీద నిలబెట్టి, అదే ప్రెస్సులో పైనుంచి తోయి. నొక్కిన దిక్కుకే తోయాలి, వెనక్కి తోస్తే విరుగుతుంది. పట్టేస్తే సుత్తి ముట్టుకోకు, మొత్తం తీసి రాత్రంతా నీళ్లలో పడెయ్. గంజి నానుతుంది, తెల్లారి చేత్తోనే వస్తుంది.

ఇక మందు. బట్టీ విప్పిన రోజే నుసి కలపొద్దు. తాజా బొగ్గు గాలి పీల్చుకుని తనంతట తాను వేడెక్కుతుంది, గుట్టగా ఉంటే రాజుకుంటుంది. పల్చగా పరిచి ఒక పగలూ రాత్రీ చూడు. బట్టీ అడుగు మట్టి కలిసిన నుసిని నీళ్ల తొట్టిలో వెయ్యి, బొగ్గు తేలుతుంది, ఇసుక మునుగుతుంది. ఇసుక కలిస్తే బూడిద పెరగడం ఒకటి, నువ్వు రుద్ది రుద్ది నునుపు చేసిన గోడ నాలుగు రోజుల్లో గీతలు పడడం ఇంకొకటి. తేలినదాన్ని ఎండబెట్టి 3 మి.మీ. జల్లెడ పట్టు.

పొడి నుసి 10 కిలోలకు నూకల పిండి 700 గ్రాములు. పిండిని లీటరు చన్నీళ్లలో కలిపి, మరిగే రెండు లీటర్ల నీళ్లలో పోసి, తెల్లదనం పోయి నిగారింపు వచ్చేదాకా తిప్పు. ఉడకని పిండికి జిగురుండదు. కలిపాక పిడికిట పట్టు: ముద్ద నిలవాలి, వేళ్ల సందున నీరు రాకూడదు. విరిగిపోతే మరో అర లీటరు దాకా చిలకరించొచ్చు. నొక్కేటప్పుడు పంచ్ పక్కల నీరు చిమ్మితే తడి ఎక్కువైనట్టే. ఒక్కో బిళ్ళకు తడి మందు సుమారు 80 గ్రాములు. మొదటి పదీ తూచి పోసి, ఆ కొలతకు డబ్బా ఒకటి కోసుకో, తర్వాత తక్కెడ అక్కర్లేదు. పది బిళ్ళలకోసారి గొట్టంలో వంటనూనె గుడ్డతో తుడువు, తడిమినట్టుంటే చాలు.

ఆరబెట్టడంలో తొందరపడితే ఇంత పనీ వృథా. మొదటి రోజు నీడ, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండ. రోహిణి కార్తె ఎండలో నేరుగా పెడితే పైతోలు బిగిసి లోపలి తడి బయటికి రాలేక బీటలు కొడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో అసలు కొట్టకు, గంజికి బూజు పడుతుంది. రెండు రోజులు వరుసగా తూకం మారకపోతే ఆరినట్టు.

నుసి గాల్లో లేస్తే నిప్పు అంటుకుంటుంది, ఆ చుట్టుపక్కల బీడీ కాల్చనివ్వకు. ముక్కుకు మాస్కు, జాకీ లాగేటప్పుడు ఎదురుగా కాక పక్కన నిలబడు. బిళ్ళలు కాల్చి చూసేది ఆరుబయటే, మూసిన గదిలో ఆ పొగలేని గాలే ప్రాణం తీస్తుంది.

దీపావళి ముందు ఎవరైనా వచ్చి ఈ అచ్చులో టపాసుల మందు నొక్కిస్తామంటే ఇవ్వకు, బంధువైనా సరే. ఇనుము మీద ఇనుము రాపిడికే ఆ మందు పేలుతుంది. లైసెన్సు లేకుండా తయారు చేయడం పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా.

సాయంత్రం పని అయ్యాక గొట్టం, పంచ్ కడిగి, తుడిచి, నూనె రాసి గుడ్డలో చుట్టు. తడి బొగ్గు అంటుకుని ఉంటే మర్నాటికే తుప్పు. మొదటి పది బిళ్ళల్లో మూడింటిని పగలగొట్టి, విరుపు ఎలా ఉందో ఫోటో తీసి పంపు, పై భాగం ఏదో గుర్తు పెట్టి.

ఆశీస్సులతో,
పెదనాన్న