ప్రివ్యూ వేరు, ఓపెనింగ్ వేరు

బిడ్డా,

నీ బొమ్మల ప్రదర్శనకు వేయించి నువ్వు పంపిన ఆహ్వాన కార్డు చూశాను. బాగుంది, అక్షరాలు మాత్రం కొంచెం పెద్దవి చేయించు. నా వయసువాళ్లు కూడా చదవాలి కదా. "ప్రివ్యూ: శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, అందరూ ఆహ్వానితులే" అని వేయించావు. అందరూ ఆహ్వానితులైతే అది ప్రివ్యూ కాదమ్మా, ఓపెనింగ్. ఈ తిరకాసు నువ్వు పెట్టింది కాదులే. మన ఊళ్లో గ్యాలరీల కార్డుల మీద మొదటి సాయంత్రాన్ని ప్రివ్యూ అనెయ్యడం మామూలే. దాని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోకు. నీ మటుకు నువ్వు మాత్రం వాటిని రెండు వేర్వేరు పనులుగా లెక్క వేసుకో. ఒకే సాయంత్రం రెండూ కానిచ్చేద్దామంటే రెండూ చెడతాయి.

ఓపెనింగ్ సంగతి నీకు తెలిసిందే. మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ఎన్ని చూడలేదు! దీపం, శాలువా, ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, సమోసా, చాయ్. బొమ్మలకు వీపు పెట్టి సెల్ఫీలు దిగే జనం. దాన్ని తప్పు పట్టను. అది నీ పండగ. మీ అమ్మ పట్టుచీర కట్టుకుని వస్తుంది, మీ కాలనీవాళ్లు వస్తారు, మసాబ్ ట్యాంక్ కాలేజీలో నీతో చదివినవాళ్లంతా వస్తారు. ఆ సందడిలో ఎవరో ఒకరు నీ బొమ్మ ముందు నిలబడి తీరిగ్గా చూస్తారనుకోవడం మాత్రం అత్యాశ. చూడాలనుకున్నవాళ్లు మర్నాడు పొద్దున మళ్లీ వస్తారు. నేనైతే అదే పని చేస్తాను.

ప్రివ్యూ అంటే ఆ తీరికను ముందే కొందరికి ఇవ్వడం. పదిహేను మందో ఇరవై మందో, రెండు గంటలు, అంతే. మైకు ఉండదు, దీపం ఉండదు, ముఖ్య అతిథి అసలే ఉండడు. వచ్చిన మనిషి ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడతాడు, దూరం జరుగుతాడు, మళ్లీ దగ్గరికి వస్తాడు, కొలతలు అడుగుతాడు. ఇంటికి వెళ్లి తన గోడ చూసుకుని రాత్రి ఫోన్ చేస్తాడు. కొనడం అనేది చాలాసార్లు ఆ ఫోన్‌లోనే తేలుతుంది. ఓపెనింగ్ రోజు అందరి ముందూ ధర అడగడానికి మొహమాటపడేవాళ్లు, ప్రివ్యూలో నింపాదిగా అడుగుతారు.

ఇక ఎవరిని పిలవాలి. దీని మీద రెండు రోజులు కూర్చుని ఆలోచించు, తక్కువ పని కాదు. బొమ్మలు కొనే అలవాటున్నవాళ్లు ముందు. చిత్రకారులు వైకుంఠం గారి నిండు బొట్టు ఆడవాళ్లనీ, లక్ష్మాగౌడ్ గారి గీతల్నీ ఇంట్లో పెట్టుకుని రోజూ చూసే కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. వాళ్ల కన్ను వాటికి అలవాటు పడి ఉంటుంది, కాబట్టి నీ గీతను తేలిగ్గా మెచ్చుకోరు. మెచ్చుకుంటే మాత్రం మరో ఇద్దరికి చెబుతారు. తర్వాత ఇళ్లు కట్టే ఆర్కిటెక్టులు ఒకరిద్దరు. పత్రికలో కళల మీద రాసేవాళ్లు తప్పకుండా ఉండాలి. వాళ్లు ముందు రోజు చూస్తేనే ఓపెనింగ్ రోజు పొద్దున నాలుగు ముక్కలు అచ్చవుతాయి. సాయంత్రం వచ్చి చూసి రాస్తే, అది పేపర్లోకి వచ్చేసరికి నీ షోలో సగం రోజులు అయిపోతాయి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నువ్వు ఆపకు. నీకు గీత నేర్పిన సారును పిలువు, మొహం మీదే నిజం చెప్పే చిత్రకారుల్ని ఇద్దరిని పిలువు. లండన్ రాయల్ అకాడమీలో షో తెరవడానికి ముందు, గోడకు ఎక్కిన బొమ్మలకు చిత్రకారులే వార్నిష్ వేసుకోవడానికీ చివరి మెరుగులు దిద్దుకోవడానికీ కొన్ని రోజులు కేటాయించేవాళ్లు. అంటే షోను అందరికంటే ముందు చూసిందే సాటి చిత్రకారులు. 1832లో టర్నర్ అనే చిత్రకారుడు గీసిన బూడిదరంగు సముద్రం పక్కన కాన్‌స్టేబుల్ అనే సాటి చిత్రకారుడి ఎర్రరంగులు మెరిసే వాటర్లూ బ్రిడ్జి బొమ్మ పడింది. టర్నర్ వచ్చి తన సముద్రం మధ్యలో ఒక్క ఎర్ర చుక్క పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత దాన్ని నీళ్లలో తేలే బోయాగా మార్చాడు. "వచ్చి తుపాకీ పేల్చిపోయాడు" అని కాన్‌స్టేబుల్ అన్నాడట. నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. నీ దిద్దుళ్లన్నీ ప్రివ్యూకి ముందు రోజే ముగించు. తడి వార్నిష్ వాసన కొట్టే హాల్లోకి మనిషిని పిలిస్తే, ఇంకా పని అవలేదనే అనుకుంటాడు.

అదే అకాడమీ ప్రైవేట్ వ్యూ, అంటే పిలిచినవాళ్లకే ముందుగా చూపించే రోజు, 1881లో ఎట్లా సాగిందో ఫ్రిత్ అనే ఆయన పెద్ద కాన్వాస్ గీశాడు. రచయిత ఆస్కార్ వైల్డ్ నిలబడి మాట్లాడుతుంటాడు, చుట్టూ మంది. దొరికితే చూడు, మన బంజారాహిల్స్ సాయంత్రాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ప్రివ్యూను వదిలేస్తే అది కూడా అట్లానే తయారవుతుంది. అందుకే తక్కువ మంది అంటున్నాను.

పిలిచే పద్ధతి కూడా వేరు. ఓపెనింగ్‌కు పోస్టర్ చాలు, ఎన్ని గ్రూపులకైనా పంపుకో. ప్రివ్యూకు పోస్టరే వద్దు. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచినట్టు ఉండాలి. వస్తామన్నవాళ్లకు మాత్రం టైమూ, లొకేషనూ వాట్సాప్ చెయ్యి. ఫోటోలు ఓపెనింగ్ అయ్యేదాకా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. పెట్టావా, "మమ్మల్ని ముందు రోజు పిలవలేదేం" అని మీ మేనమామ మూడేళ్లు గుర్తుపెట్టుకుంటాడు. ఎవరైనా పిలవకుండా వస్తే తలుపు దగ్గర ఆపకు. సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ఇద్దరు దారి తప్పి వచ్చినా లోపలికి రానీ. డబ్బున్నవాళ్లు మాత్రమే ముందు చూడాలనే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

డబ్బు సంగతి. ప్రివ్యూ నాటికి ధరల పట్టిక అచ్చయి ఉండాలి: బొమ్మ పేరు, కొలత, మాధ్యమం, ఏడాది, ధర. ధరలో జీఎస్టీ కలిసిందో లేదో అందులోనే రాయించు. ప్రివ్యూలో ఒక ధర, ఓపెనింగ్‌లో ఒక ధర వద్దే వద్దు, అట్లాంటి మాట ఊళ్లో త్వరగా పాకుతుంది. "ముందే వచ్చాం కదా, తగ్గించవా" అని అడుగుతారు. ఎంతవరకు దిగాలో గ్యాలరీవాళ్లతో ముందే అనుకుని, నువ్వు నోరు మెదపకు, వాళ్లనే చెప్పనీ. అడ్వాన్స్ చేతికి వచ్చాకే, అమ్ముడైందనే గుర్తుగా బొమ్మ పక్కన ఎర్ర చుక్క అతికించాలి. అమ్ముడుపోయినట్టు కనిపించడానికి ఉత్తుత్తి చుక్కలు పెట్టేవాళ్లు ఉంటారు, ఆ జోలికి పోకు. "ఉంచండి, ఆలోచించి చెప్తాం" అన్నవాళ్లకు ఓపెనింగ్ మొదలయ్యేదాకా గడువు ఇవ్వు. కొన్న బొమ్మ షో అయ్యేదాకా గోడ మీదే ఉంటుందని రసీదులో రాయించు, లేకపోతే ఓపెనింగ్ నాటికి నీ మంచి బొమ్మలే ఉండవు. నువ్వు స్వయంగా పిలుచుకొచ్చిన మీ బాబాయి కొన్నా గ్యాలరీ కమిషన్ వర్తిస్తుందా లేదా, అదీ ముందే కాగితం మీద తేల్చుకో. ప్రైవేట్ గ్యాలరీల్లో అది మూడో వంతు నుంచి సగం దాకా ఉండొచ్చు, చిన్న మొత్తం కాదు. హాలు అద్దెకు తీసుకుంటే కమిషన్ బాధ లేదు గానీ, చాయ్ నుంచి లైట్ల దాకా ఖర్చంతా నీదే. పిలవాల్సినవాళ్ల జాబితా కూడా నువ్వే తయారు చేసుకోవాలి.

రోజుల విషయం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ వైపు రమ్మంటే జనం సిగ్నళ్ల దగ్గరే ఉండిపోతారు. ఓపెనింగ్ శనివారానికి మార్చు, ప్రివ్యూ శుక్రవారం పొద్దున 11 గంటలకు పెట్టుకో. గురువారమంతా తగిలించడానికి, లైట్లు సరిచెయ్యడానికి. అద్దె రోజుల్లో ఈ గురువారం కూడా లెక్కలోకి వస్తుందేమో కనుక్కో.

ఓపెనింగ్‌కు పెద్ద అధికారి కోసం తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా మాట విని మీ సారు చేత దీపం వెలిగించు. ఆయన టైముకి వస్తాడు, బొమ్మల గురించే మాట్లాడతాడు. అధికారే కావాలంటే, ఆయన రాకపోయినా ఆరింటికి తలుపులు తెరిచెయ్యి.

ప్రివ్యూలో నువ్వు ఎవరి వెంటా తిరగకు. ఒక మూల నిలబడు, అడిగితే దగ్గరికి వెళ్లు. "ఇది ఏమిటి" అంటే ఎక్కడ గీశావో, ఎన్నాళ్లు పట్టిందో చెప్పు. అర్థం మాత్రం నువ్వు చెప్పకు.

ధరల పట్టిక ఆదివారం లోపల నాకు పంపు. ఆ రెండు పెద్ద కాన్వాసులకు నువ్వు తక్కువ వేసి ఉంటావని నా అనుమానం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ