ఆరోగ్య శాఖ, ఐసీడీఎస్ ఎంత కలిసి పనిచేస్తున్నాయో కొలవడం ఎలా?

మీరు అడిగింది: "ఆదోని వైపు మండలాల్లో ఆరోగ్య శాఖ, ఐసీడీఎస్ ఎంత బాగా కలిసి పనిచేస్తున్నాయో నా ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టులో కొలవాలి. ఉమ్మడి మీటింగులు ఎన్ని జరిగాయో లెక్కేస్తే సరిపోతుందా?"

సరిపోదమ్మా. నేను ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే శాఖలో, సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయినాను, ఎక్కువ కాలం కోసిగి, పెద్దకడుబూరు వైపే. మీటింగు జరిగితే పుస్తకంలో అందరి సంతకాలూ ఉంటాయి. ఆ రోజు ఏ బిడ్డ గురించి మాట్లాడినారు, తర్వాత ఆ బిడ్డకు ఏమైంది అన్నది మాత్రం దాంట్లో దొరకదు. ఒక శాఖ చేతిలోంచి ఇంకో శాఖ చేతికి మనిషి మారే చోటు ఉంటుంది చూడండి, అక్కడ కొలవండి.

ఒక సంగతి చెప్తాను. రెండేళ్లు నిండని ఆడబిడ్డ. జబ్బకు టేపు చుడితే ఎరుపులోనే ఆగింది, అంటే 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ, పోషక లోపం బాగా ఉందని గుర్తు. అంగన్‌వాడీ టీచరు, ఆరోగ్య శాఖ తరఫున ఊళ్లో తిరిగే ఆశా కలిసి తల్లిని ఒప్పించి ఎన్ఆర్‌సీలో చేర్పించినారు, అంటే పోషక లోపం బాగా ఉన్న పిల్లలను పెట్టుకుని తిండి, వైద్యం చూసే ఆస్పత్రి కేంద్రంలో. బిడ్డ కోలుకుంది, ఇంటికి పంపించినారు. అట్లా పంపినాక మళ్లీ మళ్లీ తెచ్చి చూపించాలని 2011లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కొన్నాళ్లకు నేను ఆ సెంటరుకు పోయి మూడు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసినాను. ఎన్ఆర్‌సీ కాగితంలో 'డిశ్చార్జి, మళ్లీ రమ్మని చెప్పడమైనది'. ఆరోగ్య శాఖ నర్సమ్మ, అంటే ఏఎన్ఎం, రిజిస్టరులో 'ఎన్ఆర్‌సీలో ఉన్నది'. అంగన్‌వాడీ రిజిస్టరులో ఒకటే మాట, 'సుగ్గి'. రాసిన రోజుకు మూడూ నిజమే. బిడ్డ ఇప్పుడు ఎక్కడుందో మాత్రం మూడింట్లోనూ లేదు.

ఈ వైపు తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మా దగ్గర పత్తి పనులు అయిపోతూనే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఆ ఇంట్లో అవ్వ ఒక్కతే మిగిలింది. కూలీలను తీసుకుపోయిన మేస్త్రి ఫోన్ నంబరు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకుంది. ఆ నంబరుకు చేసి, వాళ్లు ఏ ఊళ్లో దిగినారో కనుక్కుని, అక్కడి అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి, బిడ్డకు తిండి అందేలా, బరువు చూసేలా చేసినాం. ఈ పని ఏ శాఖ నెలవారీ నివేదికలోనూ రాయడానికి గడి లేదు. నన్నడిగితే కలిసి పనిచేయడమంటే ఇదే. మీ కొలతకు ఇది అందాలి.

అందుకని మీటింగులు వదిలేసి ఒకే రకం కేసు తీసుకోండి. ఎన్ఆర్‌సీ నుంచి ఇంటికొచ్చిన పిల్లలయితే మంచిది. ఒక ఏడాదిలో డిశ్చార్జి అయిన వాళ్ల జాబితా తీసుకుని, ఒక్కో బిడ్డకూ ఇంటికొచ్చిన తేదీ, టీచరు గానీ ఆశా గానీ మొదటిసారి ఇంటికి పోయిన తేదీ రాసుకోండి. మధ్యలో ఎన్ని రోజులు పోయినాయో అదే మీ అసలు లెక్క. దానికి సగటు తీయొద్దు. ఒకరిద్దరికి నెలల తరబడి ఆలస్యమైతే సగటు మొత్తం తారుమారవుతుంది. అందర్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి నడిమి బిడ్డ ఎన్ని రోజులు ఆగిందో చెప్పండి, అందరికన్నా ఎక్కువ ఆగిన బిడ్డ సంగతి విడిగా రాయండి. ఎవరూ పోని ఇళ్లను లెక్కలోంచి తీసేయొద్దు. చాలా రిపోర్టులు ఇక్కడే చెడిపోతాయి, దొరికిన వాళ్లను మాత్రమే లెక్కపెట్టి అంతా బాగుందంటాయి.

దాంతోపాటు కబురు వెనక్కి వచ్చిందా లేదా చూడండి. టీచరు రాసిచ్చిన చీటీతో తల్లి పీహెచ్‌సీకి పోయింది సరే, డాక్టరు ఏం చెప్పినారో టీచరుకు తెలిసిందా? మా వైపు చీటీలు పోవడమే గానీ తిరిగి రావడం అరుదు.

రిజిస్టర్లు సరిపోల్చడం మాత్రం ఓపిక పని. ఒకే బిడ్డ అంగన్‌వాడీలో ముద్దుపేరుతో ఉంటుంది, ఏఎన్ఎం దగ్గర తల్లి పేరుతో ఉంటుంది. కాన్పుకు పుట్టింటికి పోయిన ఆమె రెండు ఊళ్లలోనూ ఉంటుంది, లేదా రెండింట్లోనూ ఉండదు. పేర్లతో పెట్టుకోకుండా పుట్టిన తేదీ, తల్లి ఫోన్ నంబరుతో కలిపి చూడండి. నెలనెలా గ్రామ ఆరోగ్య పోషణ దినం రోజు ఏఎన్ఎం, ఆశా, టీచరు ముగ్గురూ ఒకే చోట ఉంటారు కాబట్టి ఆ రోజు పోతే సులువు.

పిల్లలు కుదరకపోతే టీబీ తీసుకోండి. మందులు వాడే వాళ్లకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి 1000 చేసినారు. మందు మొదలైన రోజుకూ, మొదటి డబ్బు ఖాతాలో పడిన రోజుకూ మధ్య ఎంత కాలం పట్టిందో పాసుబుక్కులోనే కనిపిస్తుంది.

బయటి దేశాల పద్ధతులు చదివే ఉంటారు. స్కాట్లాండ్‌లో వైద్య సేవలు, సాయం చేసే సేవలు కలిసి పనిచేయాలని 2014లో చట్టమే చేసి, అది కొలవడానికి 23 సూచికలు పెట్టుకున్నారు. 75 ఏళ్లు దాటిన వాళ్లు ఇంటికి పోవచ్చని డాక్టర్లు చెప్పినాక కూడా ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఉండిపోయారన్నది వాటిలో ఒకటి. అది ఇక్కడికి తెచ్చుకోవద్దు. మన దగ్గర కథ వేరు, కూలి పోతుందని, ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉందని తల్లులు ముందే వచ్చేస్తారు. ఇంకో సూచిక మాత్రం నాకు చాలా నచ్చింది. ఇంటి దగ్గర సాయం పొందుతున్న వాళ్లనే, మీకందే సేవల మధ్య సమన్వయం ఉందనిపించిందా అని అడుగుతారు. మన తల్లులకు ఆ ప్రశ్న అట్లే వేస్తే "బాగుంది సార్" అంటారు. ఇట్లా అడగండి: "బిడ్డ సంగతి ఎంతమందికి మొదటి నుంచి చెప్పాల్సి వచ్చిందమ్మా? రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు?" టీచరు, ఆశా పక్కన లేనప్పుడు అడగండి. రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే కదా పోవాల్సింది, ఎదురుగా ఏం చెప్తుంది పాపం.

ఇంకో మాట, ఇది మీ గైడుకు కూడా చెప్పండి. రెండు శాఖలూ నిజంగా కలిసి తిరగడం మొదలుపెడితే మొదట్లో పోషక లోపం ఉన్న పిల్లల సంఖ్య పెరుగుతుంది. ఇన్నాళ్లూ కనపడని బిడ్డలు లెక్కలోకి వస్తారు. ఆ అంకె చూసి ఆ మండలం వెనకబడిందని రాస్తే, మరుసటి నెల టేపు కొంచెం వదులుగా చుట్టమని పైనుంచి చెప్పకనే చెప్తారు. అందుకే సెంటర్లకు ర్యాంకులు ఇవ్వొద్దు, ఊర్ల పేర్లు బయటపెట్టొద్దు.

సీడీపీఓ (ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి) దగ్గర, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు దగ్గర ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఒకరిది సరిపోదు. దసరా అయిపోతూనే ఊళ్లలో తిరగడం పెట్టుకోండి. సంక్రాంతి దాటితే సగం ఇళ్లకు తాళాలే ఉంటాయి. అప్పుడు కూడా ఒకసారి పోయి, తాళం వేసిన ఇంటి బిడ్డ ఎక్కడుందో రెండు శాఖల వాళ్లనూ విడివిడిగా అడిగి, ఇద్దరూ చెప్పింది పక్కపక్కన రాసుకోండి.