స్టెంట్ ఉన్నవారు ఆపరేషన్ కోసం మాత్రలు సొంతంగా మానవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. పిత్తాశయంలో రాళ్లకు వచ్చే వారం ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ ఉంది. ముందుగా మత్తు డాక్టరును కలవమన్నారు. ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లిపోయే పనికి విడిగా స్పెషలిస్టు ఎందుకు? ఎనిమిది నెలల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఆపరేషన్ కదా అని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన క్లోపిడోగ్రెల్ మాత్ర నాలుగు రోజులుగా మానేశాను. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను.

జవాబు: మీరు అడిగిన ప్రశ్న కంటే చివర్లో యథాలాపంగా రాసిన మాటే నన్ను కలవరపెడుతోంది. స్టెంట్ వేసి ఏడాదైనా నిండకుండా క్లోపిడోగ్రెల్ మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. కొన్ని ఆపరేషన్లకు ముందు ఈ మాత్రను ఆపించే మాట నిజమే కానీ, ఆపాలా, ఆస్పిరిన్ కొనసాగించాలా, అసలు ఆపరేషన్‌నే వాయిదా వేయాలా అన్నది మీ కార్డియాలజిస్టు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చవలసిన విషయం. ఈ రోజే కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. ఛాతీనొప్పి, ఆయాసం, చెమటలు ఉంటే ఫోన్‌తో కాలయాపన చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని సాధారణంగా ఆపరేషన్‌కు 3 రోజుల ముందే ఆపిస్తాము. లేకుంటే ఏమీ తినకుండా ఉన్న సమయంలో, షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా, రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. అలాగని దీన్నీ మీరే ఆపేయకండి, బదులుగా ఏం వాడాలో అడగండి.

ఇక మీ ప్రశ్న. ఇంజెక్షన్ ఇచ్చాకే ఆ డాక్టరు అసలు పని మొదలవుతుంది. కండరాలను సడలించే మందుతో మీ శ్వాస ఆగుతుంది కనుక, శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌తో ఊపిరి అందించాలి. ల్యాప్రోస్కోపీలో పొట్టలోకి నింపే కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను కింది నుంచి నొక్కుతుంది. అందుకు తగ్గట్టు శ్వాసను, బీపీని, మత్తు మోతాదును నిమిషనిమిషమూ సరిచేస్తూ, చివరకు మిమ్మల్ని తెలివిలోకి తెచ్చి, నొప్పి తగ్గించేదీ ఆయనే. నోరు ఎంత తెరుచుకుంటుంది, పళ్లు కదులుతున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అన్నవి ఆయన ముందే చూసుకోవాలి. ఘనాహారం 6 నుంచి 8 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలన్నది సాధారణ నియమమే అయినా, షుగర్ ఉన్న మీకు ఆయన వేరుగా చెప్పవచ్చు.

మిమ్మల్ని పరీక్షించకుండా, ఈసీజీ చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. వచ్చే వారం దాకా ఆగకుండా రేపే ఆయన్ను కలవండి. స్టెంట్ కాగితాలతో పాటు, ఆయుర్వేద పొడులు సహా మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.