ఎంఏలో నిరాయుధీకరణ పేపర్ తీసుకున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి? మన దేశం దగ్గరే అణుబాంబులుంటే ఈ చదువు వల్ల ఉపయోగం ఉందా?

నేను ఢిల్లీలో ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ చేసినప్పుడు ఈ పేపరే తీసుకున్నాను, తర్వాత కూడా వదల్లేదు, కాలేజీల్లో పిల్లలతో దీని గురించి మాట్లాడుతూనే ఉన్నా, కాబట్టి నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

థియరీతో మొదలుపెట్టకండి. డిటరెన్స్ (ఎదురుదెబ్బ భయంతో శత్రువుని ఆపడం), సెకండ్ స్ట్రైక్ (మొదటి దాడి తిన్నాక కూడా తిరిగి కొట్టగలగడం) ఇవన్నీ తర్వాత చదువుకోవచ్చు, ముందే వాటిలో దిగితే బాంబంటే కాగితం మీద అంకెలాగా అలవాటైపోతుంది, ఇక మనుషులు కనపడరు. ఒక్క కేసు పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదవండి. నేనైతే మార్షల్ దీవులు వర్సెస్ ఇండియా కేసు చదవమంటాను. అవును, మన మీద వేసిన కేసే, అంతర్జాతీయ న్యాయస్థానంలో నడిచింది, ఇలాంటిదొకటి ఉందని మనవాళ్ళలో చాలామందికి తెలీదు.

మా క్లాసులో దీని మీద మూట్ కోర్టు, అంటే ప్రాక్టీసు కోసం ఉత్తుత్తి కోర్టు, పెడితే నాకు మార్షల్ దీవుల తరఫు వచ్చింది. పసిఫిక్‌లో పగడపు దీవుల దేశం అది, జనాభా మొత్తం కలిపితే మన దగ్గర ఒక మండలం అంత ఉంటుందేమో. 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణుపరీక్షలు చేసింది. 1954 మార్చి 1న అక్కడి బికినీ దీవిలో పేల్చిన క్యాసిల్ బ్రావో అనే బాంబు 15 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. పక్కనున్న రొంగెలాప్ మీద తెల్లటి బూడిద రాలింది, అదేంటో తెలియక పిల్లలు దాంతో ఆడుకున్నారు, తర్వాత వాంతులు, చర్మం కాలిపోవడం, జుట్టు ఊడిపోవడం. వాళ్ళని అక్కణ్ణించి తీసుకెళ్ళడానికి రెండు రోజులు పట్టింది. 1957లో ఇక పర్లేదని మళ్ళీ అదే దీవికి పంపారు, చివరికి 1985లో వాళ్ళే ఇక్కడ బతకలేమని గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడలో ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఇదంతా చెప్పి నేను కూర్చోగానే ఇండియా తరఫు వాదించే ఫ్రెండ్ లేచి, "పేల్చింది అమెరికా కదా, మమ్మల్నెందుకు లాగారు?" అన్నాడు. అసలు చదువు అక్కడే మొదలవుతుందండీ. వాళ్ళు నష్టపరిహారం అడగలేదు. అణ్వస్త్రాలు ఎత్తేయడానికి నిజాయితీగా చర్చలు జరిపి ముగించాల్సిన బాధ్యత దేశాలకి ఉందని అదే కోర్టు 1996లో ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది, ఆ చర్చలు ఎవరూ జరపట్లేదని 2014లో తొమ్మిది అణ్వస్త్ర దేశాల మీదా కేసులేశారు. కానీ ఒప్పుకున్న దేశం మీదే ఆ కోర్టు విచారణ చేయగలదు, అలా ముందే ఒప్పుకుని ఉన్నవి ఇండియా, పాకిస్తాన్, బ్రిటన్ మాత్రమే, మిగతా ఆరూ రానే లేదు. దీన్ని ముందుండి నడిపించిన మార్షల్ దీవుల విదేశాంగ మంత్రి టోనీ డిబ్రమ్, తొమ్మిదేళ్ళప్పుడు తాతతో చేపలు పడుతూ బ్రావో వెలుగు కళ్ళారా చూసినాయన. 2016 అక్టోబర్ 5న, కేసు వేసేనాటికి మీ మధ్య వివాదమే లేదు అంటూ కోర్టు కొట్టేసింది, అసలు విషయంలోకి వెళ్ళనే లేదు. ఇండియా విషయంలో 9–7, బ్రిటన్ విషయంలో 8–8 వస్తే కోర్టు ప్రెసిడెంట్ అదనపు ఓటుతో తేలింది. అంత అంచున ఆగిపోయిందది, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. మాది విశాఖ, అణు జలాంతర్గామి అరిహంత్‌ని కట్టిన ఊరు, 2009లో దాన్ని నీళ్ళలోకి దించినప్పుడు మా ఇంట్లో కూడా అందరూ సంతోషపడ్డారు. డాక్‌యార్డులో చేసి రిటైరైన మా బాబాయి, "ఏటమ్మా, దేశానికి బాంబులొద్దని చెప్పడానికా ఢిల్లీ ఎల్లావు?" అనడిగాడు. నేను 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో పెట్టిన ప్లాన్ చెప్పాను, 2010కల్లా దశలవారీగా అన్ని దేశాల అణ్వస్త్రాలూ పోవాలని అందులో ఉంది. అణ్వస్త్రాల వాడకాన్ని నిషేధించే ఒప్పందం కావాలని 1982 నుంచి ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడుతున్నది కూడా మన దేశమే. బాబాయి విని "అందరూ వదిలేస్తేనే కదా మరి" అన్నాడు, అందర్నీ వదిలించడం ఎలా అన్నదే మా పేపర్ బాబాయ్ అన్నాను. అణ్వస్త్రాలు కొత్త దేశాలకి వ్యాపించకుండా చేసుకున్న ఒప్పందం ఎన్‌పీటీ మీద మన దేశం ఎందుకు సంతకం పెట్టలేదో కూడా బాగా చదవండి, 1967 జనవరి 1కి ముందు అణుబాంబు పేల్చినవాళ్ళకి ఒక రూలు, మిగతావాళ్ళకి ఒక రూలు అన్న మన అభ్యంతరంలో న్యాయముంది. కానీ 2017లో 122 దేశాలు ఓటేసిన అణ్వస్త్ర నిషేధ ఒప్పందంలో ఆ తేడా లేదు, అయినా ఆ చర్చలకి మనం వెళ్ళలేదు, ఇక్కడ మాత్రం మన ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిందే అని నా అభిప్రాయం.

కొవ్వాడ, తుమ్మలపల్లె గొడవల్ని ఇందులో కలపకండి, అవీ ముఖ్యమే గానీ అది కరెంటు, యురేనియం గనుల చర్చ, రెండూ కలిపితే ఎదుటివాళ్ళు అక్కడే తప్పించుకుంటారు.

స్టూడెంట్స్ ఏం చేయగలరు అంటే, నాగసాకిలో స్టూడెంట్స్ బృందం ఎన్‌పీటీ సమావేశాలకి వెళ్ళి దౌత్యవేత్తలతో నేరుగా మాట్లాడుతుంది. 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన నిహోన్ హిడాంక్యో బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్ళ సంఘం, వాళ్ళ సగటు వయసు ఇప్పుడు 85 దాటింది, వాళ్ళు చెప్పినవి తెలుగులో దొరికేది చాలా తక్కువ, మీ క్లాసులో నలుగురు కూర్చుని అనుమతి తీసుకుని కొన్ని తెలుగులోకి తెచ్చినా అది పెద్ద పనే.

ముందు మాత్రం మీ ప్రొఫెసర్‌ని అడిగి ఈ కేసు మీద మూట్ పెట్టించండి, మీకు నచ్చని పక్షమే తీసుకోండి. రెండు పక్షాల వాదనలూ కోర్టు వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, టైం తక్కువుంటే తీర్పూ, దాన్ని వ్యతిరేకిస్తూ జడ్జి జేమ్స్ క్రాఫర్డ్ రాసిందీ చదివి వెళ్ళండి, వాదించడానికి అవి సరిపోతాయి.