కృతజ్ఞతలు రాద్దామని కూర్చుంటే ఏడుపొస్తోంది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏటా సంక్రాంతికి తణుకు దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. ఇంటికి పెద్ద కోడలిని. ఆడపడుచులు, వాళ్ల భర్తలు, పిల్లలు కలిపి పదహారు మందిమి. భోగి మొదలు కనుమ దాకా నాకు వంటగదిలోనే తెల్లవారుతుంది, అక్కడే పొద్దుగూకుతుంది. అరిసెల పాకం మాత్రం డెబ్బై రెండేళ్ల మా అత్తగారే చూస్తారు, మిగతాదంతా నాదే. ఈసారైనా చిరాకు పడకూడదని నెల రోజులుగా రోజూ రాత్రి మూడు మంచి విషయాలు డైరీలో రాస్తున్నాను. పండగ దగ్గరపడేకొద్దీ పెన్ను పట్టుకుంటే ఏడుపొస్తోంది. ‘ఇంత పెద్ద కుటుంబం ఉన్నందుకు సంతోషించాలి’ అంటారు మావారు. నాకే కృతజ్ఞత లేదంటారా? మేం 12న బయల్దేరుతున్నాం.

జవాబు: ముందు డైరీ సంగతి. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లా అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, జరిగిన మేలును తలచుకుని రాసుకున్నవాళ్లు చికాకులు రాసుకున్నవాళ్లకన్నా తృప్తిగా కనిపించారు. అయితే సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే మరో మనస్తత్వవేత్త బృందం 2005లో చెప్పింది మీకు ఇంకా పనికొస్తుంది. వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు జరగలేదు. మీరు రోజూ రాస్తున్నారు. అదీ, కోపాన్ని మింగడానికి రాస్తున్నారు. పదహారు మంది పనితోపాటు ఇదో పదిహేడో పని అయింది, అంతే.

మీకు కృతజ్ఞత లేదన్న మాట నేను ఒప్పుకోను. ‘పాకం మాత్రం మా అత్తగారే చూస్తారు’ అని మీరే రాశారు కదా. ఎవరూ అడగకుండానే ఆ పెద్దావిడ పొయ్యి దగ్గర కూర్చుంటున్న విషయం మీ కంటపడింది. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ కట్టి చూసే ఆ అంచనా ఎంత విలువైనదో మీకు తెలుసు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే చేసిన పిండంతా వృథా అవుతుంది. ఆ మాట ఈసారి ఆవిడకే చెప్పండి. ‘పాకం దగ్గర మీరుంటే నాకు ధైర్యంగా ఉంటుంది అత్తయ్యా’ అంటే చాలు.

మన ఇళ్లలో ధన్యవాదాలన్న మాట సభల్లోనే చెల్లుతుంది. ఇంట్లోవాళ్లకు చెబితే పరాయివాళ్లను చేసినట్టుంటుంది. దాని బదులు మనకు వేరే మాటలున్నాయి. ‘నువ్వు తిన్నావా?’ ‘కాసేపు నడుం వాల్చు.’ ‘ఇటివ్వు, నేను చూస్తాను.’ మీకు కరువైనవి ఇవే. మూడో బంతి లేచాక మూడున్నరకి, అడుగంటిన పులిహోరతో కూర్చున్న మనిషిని తిన్నావా అని అడిగేవాళ్లు లేకపోతే, ఏ డైరీ ఏం చేస్తుంది? మీవారు చెప్పిన ‘సంతోషించాలి’ అన్న మాట మంచిదే కావచ్చు, కానీ అది పీట మీద కూర్చుని చెప్పే మాట కాదు.

కనుమ పండగే చూడండి. ఏడాది పొడవునా దున్నిన ఎద్దుకు ఆ రోజు ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడ మీద కాడి పెట్టకుండా వదిలేస్తారు. ఆ మర్యాద మీ ఇంట్లో మనుషులకూ జరగాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అందుకే కనుమ మధ్యాహ్నం వంట మీది కాదని ముందే తేల్చుకోండి. గారెలకు పప్పు నానబెట్టడం, రుబ్బడం, కూర వండడం మీవారు, మరుదులు, ఆడపడుచుల భర్తలు పంచుకుంటారు. గారెకు చిల్లు సరిగ్గా పడకపోయినా తినొచ్చు. మీరు లోపలికి వెళ్లి సరిచేయకుండా ఉండగలగాలి, అదే కష్టం. మొదటి బంతిలో మీరూ అత్తగారూ పక్కపక్కన కూర్చోండి.

అరిసె అసలు ఒక్కరి చేతి మీద అయ్యే పిండివంట కాదు. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఒకరు వేయిస్తుంటే ఇంకొకరు నూనె వత్తాలి. ఆ వత్తే పని మీవారికి అప్పగించండి. రెండు గంటలు పొగలో నిలబడితే ఆయనకు కొంత తెలుస్తుంది.

ఆడపడుచుల మీద మాత్రం కోపం పెట్టుకోకండి. వాళ్లూ తమ అత్తింట్లో ఎవరికో వండిపెట్టే కోడళ్లే అయి ఉంటారు. పుట్టింట్లో ఈ మూడు రోజులూ వాళ్లకు దొరికే సెలవు. ‘ఆకులు వేయడం, మంచినీళ్లు పెట్టడం నీది వదినా’ అని పేరు పెట్టి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అందరినీ ఉద్దేశించి నిట్టూరిస్తే ఎవరూ కదలరు.

పండగ వెళ్లి రెండు మూడు వారాలైనా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, అది అలసట అనుకుని వదిలేయకండి. డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రయాణం 12న అన్నారు. ఈ మాటలన్నీ మీవారితో ఈలోపే మాట్లాడండి. రైల్లో కాదు, పిల్లల ముందు కాదు, అక్కడికి వెళ్లాక వంటగది గుమ్మంలో అసలే కాదు.