మేడమ్, మీ మాట వినపడటం లేదు

తిరుపతి

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. పదో తరగతి పిల్లలకు గూగుల్ మీట్‌లో లెక్కలు మొదలుపెట్టావట. మొదటి క్లాసులోనే పిల్లలు ‘మేడమ్, మీ మాట వినపడటం లేదు’ అని చాట్‌లో రాశారట. నువ్వు టెన్షన్ పడిపోయి, చిత్తూరులో ఎవరినో పిలిచి ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) తీసేసి విండోస్ వేయించాలని చూస్తున్నావట. ఆగు తల్లీ. పదేళ్లుగా మా ఇంట్లో లినక్సే నడుస్తోంది, ఈ బాధ నేనూ పడ్డాను. ఇది సిస్టమ్ మొత్తం మార్చేంత జబ్బు కాదు.

కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు మిద్దెక్కి ట్యాంకు చూస్తాం. తర్వాత వాల్వు, ఆ తర్వాత పైపు. గొంతుకూ అలాంటి దారే ఉంది. మైకు నుంచి సౌండ్ కార్డుకు, అక్కడి నుంచి కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఉండే ఆల్సా అనే సౌండ్ భాగానికి, దాని మీద శబ్దాన్ని ప్రోగ్రాములకు పంచిపెట్టే పల్స్ ఆడియో లేదా పైప్‌వైర్‌కు, ఆఖరున బ్రౌజర్‌కు. నువ్వేమో చివరి కుళాయి దగ్గర నిలబడి మీట్ సెట్టింగులే తిప్పుతున్నావు. కాల్ పక్కన పెట్టు. సౌండ్ రికార్డర్ తెరిచి పది సెకన్లు మాట్లాడి విను. గొంతు పడితే పైపు చాలావరకు బాగున్నట్టే, బ్రౌజర్‌ను చూసుకుంటే చాలు. పడకపోతే మీట్ జోలికే పోవద్దు.

హెడ్‌సెట్ వాడుతుంటే దాని పిన్ను వెలుతురులో పట్టుకుని చూడు. మూడు నల్ల గీతలుంటే మైకు ఉన్న పిన్ను, రెండే ఉంటే అది వినడానికి మాత్రమే. పచ్చ పిన్ను, గులాబీ పిన్ను విడివిడిగా ఉండే రకమైతే, ల్యాప్‌టాప్‌కు ఒకటే రంధ్రం ఉన్నప్పుడు రెండింటినీ కలిపే చిన్న కనెక్టర్ కావాలి. వైరు మీద మ్యూట్ స్విచ్ ఉందేమో చూడు. కీబోర్డులో మైకు బొమ్మ ఉన్న మీటలో, మైకు ఆపేసినట్టు చూపే లైటు వెలుగుతోందేమో కూడా చూడు. బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే, పాటలు వినే ప్రొఫైల్‌లో మైకు పనిచేయదు, హెడ్‌సెట్ ప్రొఫైల్‌కు మార్చాలి. అప్పుడు వినపడే నాణ్యత తగ్గుతుంది. క్లాసులకు వైరు ఉన్నదే మంచిదని నా మాట.

ఇక టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి ఆల్సామిక్సర్ (alsamixer) అని కొట్టు. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. ముందు ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకో. ఇది చాలామంది మరిచిపోతారు, పైపైన కనిపించే ఒక్క గీతనే చూసి అంతే అనుకుంటారు. తర్వాత ఎఫ్4 నొక్కితే మైకు వైపు గీతలు వస్తాయి. క్యాప్చర్ అన్న గీత కింద ఎర్ర అక్షరాలు లేకుండా చుక్కగీతలే ఉంటే అది ఆపేసి ఉన్నట్టు. ఆ గీత మీదికి వెళ్లి స్పేస్‌బార్ నొక్కు, ఎర్రగా వెలుగుతుంది. మైక్ బూస్ట్ అని ఇంకో గీత ఉంటుంది. దాన్ని పైదాకా లాగకు, నీ గొంతుతోపాటు ఫ్యాను హోరు కూడా పెరుగుతుంది.

ఆ తర్వాత పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకో. ఉబుంటు 22.10 నుంచి పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వచ్చింది, అయినా ఈ ప్రోగ్రామ్ రెండింటితోనూ పనిచేస్తుంది. అందులో ఇన్‌పుట్ డివైజెస్ అనే పేజీలో నువ్వు మాట్లాడుతుంటే ఒక పట్టీ కదలాలి. అసలు మైకే కనపడకపోతే కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్లు. అక్కడ స్టీరియో అవుట్‌పుట్ ఒక్కటే ఎంచుకుని ఉంటే స్టీరియో డూప్లెక్స్ పెట్టు. డూప్లెక్స్ అంటే వినడం, మాట్లాడటం రెండూ.

అన్నిటికంటే ముఖ్యమైంది రికార్డింగ్ అనే పేజీ. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది, కాల్ నడుస్తున్నప్పుడే బ్రౌజర్ పేరు అందులో కనపడుతుంది. కాబట్టి ఫోన్ నుంచి ఒక మీట్‌లో చేరి, ల్యాప్‌టాప్‌ను కూడా అందులోకి తెచ్చి చూడు. బ్రౌజర్ ఏ మైకు నుంచి వింటోందో పక్కనే రాసి ఉంటుంది. ‘మానిటర్ ఆఫ్’ అని మొదలైతే అది మైకు కాదు, నీ స్పీకర్లోంచి వచ్చే శబ్దం. పిల్లల మాటలు పిల్లలకే తిరిగి వినపడతాయి, నీవి మాత్రం పోవు. అక్కడే నొక్కి అసలు మైకును ఎంచుకో.

ఇంకొకటి చెప్పాలి, దీనితో నేను రెండు రోజులు అల్లాడాను. నా పాత ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకుని ఇయర్‌ఫోన్లలో వింటే నా గొంతు గంట కొట్టినట్టు ఉండేది. కాల్‌లో మాత్రం మా వాడు ‘నాన్నా, బావిలోంచి మాట్లాడుతున్నావా’ అనేవాడు. కారణం ఏంటంటే, స్క్రీన్ పైన పక్కపక్కన రెండు బుల్లి మైకులుంటాయి. కొన్ని మోడళ్లలో ఒకదాని తరంగం రెండోదానికి తలకిందులుగా వస్తుంది. ఇయర్‌ఫోన్లలో ఒక్కోటి ఒక్కో చెవిలోకి పోతుంది కాబట్టి మనకు తేడా తెలియదు. కాల్ చేసే సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి ఒకటి చేస్తుంది. ప్లస్ ఐదు, మైనస్ ఐదు కలిపితే సున్నా, లెక్కల టీచర్‌వి, నీకు నేను చెప్పాలా! నీ రికార్డింగ్ బాగుండి కాల్‌లో మాత్రం గొంతు పీలగా పోతుంటే ఇది చూడు. ఇన్‌పుట్ డివైజెస్‌లో మైకు పక్కన తాళం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఎడమ, కుడి గీతలు విడిపోతాయి. ఒకదాన్ని సున్నాకు దించెయ్. నేను అలా దించిన నిమిషానికే మా వాడు అట్నుంచి ‘ఇప్పుడు గట్టిగా వినపడుతోంది నాన్నా’ అన్నాడు.

బ్రౌజర్ సంగతి పెద్దగా ఏం లేదు. అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి మైక్రోఫోన్‌కు అనుమతి ఇచ్చావో లేదో చూడు. తొందరలో ఒకసారి బ్లాక్ నొక్కితే అది గుర్తు పెట్టుకుని మళ్లీ అడగదు. స్నాప్‌గా (ఉబుంటులో యాప్‌లు వేసుకునే ఒక పద్ధతి) వేసుకున్న యాప్ అయితే దాని పర్మిషన్లలో ఆడియో రికార్డింగ్ ఆన్ చేయాలి.

ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ రికార్డు చేసి విను. ఏది మార్చావో కాగితం మీద రాసుకో, పది ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆదివారం కపిలతీర్థానికి పోయి తొమ్మిదికల్లా ఇంటికి వచ్చేస్తాను. అప్పుడు కాల్ చెయ్. అప్పటికీ గొంతు రాకపోతే ఆ కాగితం, రికార్డింగ్ పేజీ ఫోటో పంపు, పక్కన కూర్చున్నట్టే చూస్తాను. ముందు అన్నం తిను.

మామయ్య