సైలెన్సర్ సంగతి తర్వాత, ముందు బెంగళూరు వెళ్లండి

సందేహం: సార్, నేను ఉప్పల్‌లో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారంటే పిచ్చి. 19 నెలల క్రితం హైదరాబాద్‌లోనే ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 2015 మోడల్, కర్ణాటక రిజిస్ట్రేషన్ బండి 5 లక్షల 20 వేలకు కొన్నాను. మీటర్ 62 వేలు చూపించింది. ఎన్‌ఓసీ (కర్ణాటక ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), పేరు మార్పిడి తనే చేయిస్తానని డీలర్ ఇంకో 25 వేలు తీసుకుని ఇప్పటికీ చేయలేదు. తర్వాత నేను రీమ్యాప్ (ఇంజిన్ పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ మార్పు), సైలెన్సర్, బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, పెద్ద వీల్స్, బ్లాక్ ఫిల్మ్ అన్నీ కలిపి 2 లక్షల 40 వేలు పెట్టాను. సైలెన్సర్ మీద చలానా పడింది. రెండు నెలల క్రితం టోల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి డీసీఎం గుద్దింది, రిపేరు ఎస్టిమేట్ లక్షా 85 వేలు. పాలసీ పాత ఓనర్ పేరునే రెన్యువల్ చేస్తూ వచ్చాను. ఆయన కారు అమ్మేశాడు, పైగా చెప్పకుండా మోడిఫికేషన్లు చేశారు అని బీమా కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. వర్క్‌షాప్‌లో పాత సర్వీసు రికార్డు తీస్తే 2021లోనే ఈ బండి లక్షా 4 వేలు తిరిగిందని తేలింది. గేర్‌బాక్స్ కూడా జర్క్ ఇస్తోంది. పాత ఓనర్ బెంగళూరు నుంచి ఫోన్ చేసి కోప్పడుతుంటే ఎత్తడం మానేశాను. నాన్న ముందు తలెత్తలేకపోతున్నాను. డీలర్ మీద కేసు వేసి మొత్తం డబ్బు రాబట్టవచ్చా, లేక ఉన్నది ఉన్నట్టు ఎవరికైనా అమ్మేయనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధంతా మోడిఫికేషన్ల చుట్టూ తిరుగుతోంది, ఆ 2 లక్షల 40 వేల చుట్టూ తిరుగుతోంది. నాకు మాత్రం అందులో అన్నిటికంటే భయం వేసిన వాక్యం వేరే ఉంది: పాత ఓనర్ ఫోన్ ఎత్తడం మానేశాను అన్నది. ఆ ఒక్క మనిషి చేతిలో మీ సగం కేసు ఉంది. ఎందుకో చెబుతాను.

కారు డబ్బులిచ్చి కొన్నది మీరే, నడుపుతున్నదీ మీరే. కానీ మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్‌సీ ఎవరి పేరున ఉందో వాళ్లు. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు ఆ సంగతి ఆర్టీఏకి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పిడికి ఫారం 30 పెట్టుకోవాలి. ఇది జరగలేదు కాబట్టి మీ సైలెన్సర్ చలానా మెసేజ్ వెళ్లింది ఆయన ఫోన్‌కే. అది చిన్న సంగతి. రేపు మీ కారు కింద ఎవరైనా పడితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నోటీసు వెళ్లేదీ ఆయన ఇంటికే, ఎందుకంటే చేతులు ఎన్ని మారినా ఆర్‌సీలో పేరున్న వ్యక్తే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన కోపం ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమైందా? కారు అమ్మేసి ఏడాదిన్నర దాటినా ఆయన పేరు మీద ఎవరో తెలియని కుర్రాడు రీమ్యాప్ చేసిన బండి తిప్పుతున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే మాట్లాడతాను.

ఇప్పుడు బీమా. మీ పేరున పాలసీ లేదు కాబట్టి మీరు స్వయంగా క్లెయిమ్ అడిగితే నిలబడదు. కారు చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి ఇచ్చే) కవరేజీ కారుతో పాటు వస్తుంది కానీ సొంత డ్యామేజీ కవరేజీ దానంతట అది కొన్నవాళ్లకు రాదని 1996 నుంచీ సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఇక్కడితో చాలామంది వదిలేస్తారు. మీరు వదలకండి, ఎందుకంటే దీనికి రెండో వైపు కూడా ఉంది. 2020 జూన్‌లో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు, అమ్మకం ఒప్పందం జరిగినా ఆర్‌సీ పాలసీదారు పేరుననే ఉంటే చట్టరీత్యా ఆయనే యజమాని, కాబట్టి నువ్వు బండి అమ్మేశావు కదా అని బీమా కంపెనీ తప్పించుకోవడం కుదరదని చెప్పింది. మీ కేసులో ఆర్‌సీ ఆయన పేరునే ఉంది, పాలసీ కూడా ఆయన పేరునే. అంటే ఈ తిరస్కరణను సవాలు చేసే హక్కు ఆయనకు ఉంది, మీకు లేదు. ఆయన సంతకం పెడితే ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, నెలలో సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది లోపు వెళ్లాలి. ఆయన ఉండేది బెంగళూరు కాబట్టి అక్కడి అంబుడ్స్‌మన్ ఆఫీసుకే వెళ్లవచ్చు. ఒక్క జాగ్రత్త: కారు ఎవరు నడుపుతున్నారు, ఎప్పుడు అమ్మారు అన్నవి ఉన్నది ఉన్నట్టు రాయించండి. అబద్ధం ఒక్కటి దొర్లినా ఆయన్నీ మీరే ఇరికించినట్టవుతుంది.

మోడిఫికేషన్లు చెప్పలేదన్న రెండో కారణం తేలికైనది కాదు కానీ దానికి సమాధానం ఉంది. మీరు ఆగి ఉన్నారు, వెనక నుంచి డీసీఎం వచ్చి గుద్దింది, ఇందులో రీమ్యాప్ పాత్ర ఏముంది అని సూటిగా అడగాలి. పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా 75 శాతం దాకా చెల్లించవచ్చని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది, దాన్ని చూపించండి. అది కారును అద్దెకు తిప్పిన కేసు, మీది వేరు, అయినా వాదనకు పనికొస్తుంది. మీరు బిగించిన సైలెన్సర్, వీల్స్ విలువ మాత్రం అడగొద్దు, వాటిని ముందు చెప్పి ప్రీమియం కట్టలేదు కాబట్టి రాదు.

దీనికంటే దగ్గర దారి ఇంకోటి ఉంది, మీరు దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. తప్పు డీసీఎంది. దాని బీమా కంపెనీ మీ నష్టం కట్టాలి. వాణిజ్య వాహనాల పాలసీల్లో ఎదుటివారి ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల వరకు కవరేజీ ఉంటుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, మీకు రెండు నెలలు అప్పుడే అయిపోయాయి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారా లేదా అన్నది మీరు రాయలేదు, ఇవ్వకపోతే ఈ వారమే ఇవ్వండి, టోల్ ప్లాజా కెమెరా ఫుటేజీ భద్రపరచమని కూడా అందులోనే రాయండి, ఎందుకంటే ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు. అయితే ఆస్తి నష్టం అడగాల్సింది ఆస్తి యజమాని, అంటే మళ్లీ ఆర్‌సీ ప్రశ్న వస్తుంది, కాబట్టి ఆయన్ని కూడా పిటిషనర్‌గా కలుపుకోవడం క్షేమం. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోకూడదు, ఒకచోట వచ్చింది రెండోచోట చెప్పాలి.

డీలర్ సంగతికి వస్తాను. మొత్తం డబ్బు వెనక్కి రావడం కష్టం, మీకు ఆశ పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. 19 నెలలు నడిపి, ఇంజిన్ ట్యూనింగ్ మార్చి, స్ప్రింగులు మార్చిన కారును తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వమని వినియోగదారుల కమిషన్ ఆర్డర్ వేయడం అరుదు. గేర్‌బాక్స్ కూడా వదిలేయండి. కంపెనీ నుంచి ఆ ఇంజిన్ 105 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది, అంతకు మించి తీసేలా మీరు రీమ్యాప్ చేయించారు, గ్యారేజీ వాళ్లు పవర్ ఎంత పెరిగిందో చూపిస్తూ షీట్ ఇచ్చి ఉంటే అదే డీలర్ వకీలు చేతిలో మొదటి కాగితం అవుతుంది. మోడిఫికేషన్ల ఖర్చూ అంతే, అది మీరు కోరి పెట్టిన డబ్బు, దానికి ఎవరూ బాధ్యులు కారు.

కానీ రెండు విషయాల్లో డీలర్ గట్టిగా దొరికాడు. మొదటిది ఆ 25 వేలు. పేరు మార్పిడి చేయిస్తానని డబ్బు తీసుకుని చేయకపోవడం సూటిగా సేవాలోపం, ఇందులో నిపుణుల నివేదిక అక్కర్లేదు, మీ ఫోన్‌పే రసీదు, వాట్సాప్ చాటింగ్ చాలు. ఆ పని జరిగి ఉంటే పాలసీ మీ పేరున ఉండేది, క్లెయిమ్ ఇలా పోయేది కాదు, కాబట్టి 25 వేలతో పాటు ఆ నష్టాన్ని కూడా అతని మీద అడగవచ్చు. ఇంకోటి, పాత కార్ల డీలర్లు ఆర్టీఏ నుంచి అధికార పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధన ఉంది. అతనికి అది ఉందా అని ఆర్టీఏ ఆఫీసులో అడగండి, లేకపోతే ఫిర్యాదులో రాయండి.

రెండోది మీటర్. 62 వేలని చెప్పి లక్ష దాటిన బండి అంటగట్టడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. డెలివరీ నోట్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను అని మీ చేత సంతకం పెట్టించి ఉంటారు, అది మోసాన్ని కప్పదు. అతను రెండు మాటలు అంటాడు. సర్వీసు రికార్డు చూసుకోవాల్సింది నువ్వే అంటాడు. విషయం దాచిపెట్టడం దగ్గర ఆ వాదనకు చట్టంలో కొంత చోటు ఉంది, కానీ మీటర్ తిప్పి అబద్ధపు అంకె చూపించిన చోట అది పనిచేయదు. ఇక తిప్పింది పాత ఓనరేమో నాకేం తెలుసు అంటాడు. అప్పుడు ఏం చేస్తారు? ఆయన ఈ కారు ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఇచ్చేశాడో రాసిన కాగితం, ఫొటో, చివరి సర్వీసు బిల్లు ఆయన దగ్గరే ఉంటాయి. అది లక్ష పైన ఉంటే మీటర్ తిరిగింది ఆయన చేయి దాటాకే అని తేలిపోతుంది. చూశారా, అన్ని దారులూ బెంగళూరుకే వెళ్తున్నాయి.

కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో వేయండి, 62 వేలు తిరిగిన బండికీ లక్ష దాటిన బండికీ మధ్య మార్కెట్ ధర తేడా, 25 వేలు, క్లెయిమ్ నష్టం, ఇంత వేదనకు పరిహారం అడగండి. కొన్న తేదీ నుంచి లెక్కేసి రెండేళ్లలోపు వేస్తే గడువు గురించి వాదనే రాదు, మీకు ఇంకా ఐదు నెలలుంది. 5 నుంచి 10 లక్షల మధ్య కొనుగోలుకి ఫీజు 200 రూపాయలే, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. ముందు లీగల్ నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి, ఇలాంటి డీలర్లు చాలామంది నోటీసు దగ్గరే దిగొస్తారు, నా అనుభవంలో చూశాను. (అదే కారు డీలర్ దగ్గర కాకుండా మామూలు వ్యక్తి దగ్గర కొని ఉంటే కమిషన్‌కి వెళ్లే దారి ఉండదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి.)

ఉన్నది ఉన్నట్టు అమ్మేయనా అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నిన్నటి దాకా మీటర్ సంగతి మీకు తెలీదు, ఇప్పుడు తెలుసు. తెలిసీ 62 వేలు అని చూపించి అమ్మితే డీలర్ మీకు చేసిందే మీరు ఇంకొకరికి చేసినట్టు, ఆ కొన్నవాళ్లు ఇదే ఉత్తరం మీ మీద రాస్తారు. పైగా మీ పేరున లేని కారును మీరు అమ్మలేరు కూడా.

మోడిఫికేషన్ల మీద చట్టం ఏమంటుందో క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ విషయంలో 190వ సెక్షన్ కింద 10 వేల దాకా జరిమానా వేరే, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. బ్లాక్ ఫిల్మ్‌లు 2012లోనే సుప్రీంకోర్టు ఆపేయమంది. తెలంగాణలో రీ-రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు, అక్కడ ఈ రూపంలో పాస్ అవదు. కాబట్టి తీసేయాల్సిందే, కానీ ఇప్పుడే కాదు. ముందు అన్ని వైపుల నుంచి తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయండి, బీమా కంపెనీకి రిపేరు మొదలుపెడుతున్నాం, ఇంకోసారి చూడాలంటే ఏడు రోజుల్లో రండి అని పాలసీదారు నుంచి మెయిల్ పంపించండి, ఆ తర్వాతే విప్పండి. పాత సైలెన్సర్, స్ప్రింగులు గ్యారేజీలో వదిలేసి వచ్చి ఉంటే వెంటనే తెచ్చుకోండి. వీల్స్ అమ్ముకోవచ్చు, కొంత డబ్బు వస్తుంది. ఆ సైలెన్సర్ మాత్రం ఎవరికీ అమ్మకండి, ఇంకో కుర్రాడికి ఇదే కష్టం చుట్టుకుంటుంది.

ఎన్‌ఓసీకి బెంగళూరులో కారు రిజిస్టరైన ఆర్టీఓ ఆఫీసులో ఫారం 28 మీద పాత ఓనరే సంతకం పెట్టాలి, పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద కూడా పెట్టాలి. పెండింగ్ చలానాలు ఉంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది కాబట్టి సైలెన్సర్ చలానా ఈ రోజే కట్టేసి రసీదు ఆయనకు పంపండి. బయటి రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే రీ-రిజిస్ట్రేషన్ తప్పదు, మీకు ఆ గడువు దాటింది, కొంత జరిమానా, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ పడతాయి, వాటికి డబ్బు పక్కన పెట్టుకోండి.

బెంగళూరుకి ఒంటరిగా వెళ్లకండి, మీ నాన్నగారికి మొత్తం చెప్పి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. పెద్దమనిషి పక్కన ఉంటే అవతలాయన కూడా కూర్చోబెట్టి మాట్లాడతాడు. డీలర్‌కి కట్టిన రసీదులు, సర్వీసు రికార్డు, తిరస్కరణ లెటర్ ఫైల్లో పెట్టుకోండి. ముందు క్షమాపణ చెప్పండి, ఆ తర్వాత ఫారాలు తీయండి. ఈ రాత్రి పాత ఓనర్ భోజనం అయ్యే వేళకి ఆయనకు ఫోన్ మీరే చేయండి.